రవంత

మేడ మీద గదికి అద్దెకొచ్చింది గ్రాన్య.
ఏదో పడమటి సముద్రం ఒడ్డున, వాన తెరిపియ్యని ఊరంట.
పొద్దంతా సంస్కృత విద్యాపీఠంలో తాటాకులు చూసి
సాయంత్రం నా మిషను పక్కన స్టూలేసుకుని
తెలుగు కుట్టించుకుంటుంది.

పుస్తకం తెలుగు ఆమెది.
"దయచేసి నీళ్ళు ఇవ్వండి."
"దయచేసి ఫ్యాను వేయండి."
బైరాగిపట్టెడ మూలమీద బండి కాడ
"దయచేసి అరకిలో వంకాయలు" అంటే
బండాయన తక్కెడ దించి చేతులు జోడించినాడు,
ఏం తప్పు జరిగిపోయిందోనని.

నవ్వాపుకోలేక చెప్పినా:
అమ్మా, దయచేయండి అంటే మా తావ
రమ్మనీ కావచ్చు, పొమ్మనీ కావచ్చు.
దయచేసి అనేది బోర్డుల మాట,
చెప్పులు ఇక్కడ విడవరాదు అన్నట్టు.
నోటితో ఎవురంటారు?

"మరి మీరు ఎట్లా అడుగుతారు?"

చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.
యాభై ఏండ్లుగా అడుగుతానే ఉండా,
ఎట్లా అడుగుతానో నాకే తెలీదు.

ఆ వారమంతా చెవులు చేతబట్టుకుని తిరిగినా.
కొర్లగుంట బస్సులో ముసిలాయన:
"నాయినా, రవంత జరుగుదువా."
గుండీల అంగట్లో పిల్ల:
"అన్నా, ఆ ఎర్రదారం చూద్దాము."
(చూసేది తనొక్కతే. అయినా చూద్దాము.)
రుయా ఆసుపత్రి గేటు కాడ ఎవురో ఒకామె
"సామీ" అని ఊరికే నిలబడింది,
వాచ్‌మన్ తాళం తీసినాడు.
ఉప్పుందా అంటే ఉప్పు ఇయ్యమని.
పనిలో ఉండావా అంటే పని మానుకోమని.
కొండమీద, దేవుడి ఎదురుగ్గా మాత్రమే
జరగండి జరగండి.
ఆడ రవంత లేదు.

అన్నీ రాసుకుంది గ్రాన్య.
రవంత కింద రెండు గీతలు.

మరి మీదో, అన్నా.
ఇంగ్లీషు కాదంట ఆమెది,
దాని అడుగున మడతపెట్టిన ఇంకో బాస, ఐరిష్.
బళ్ళో కొంత నేర్పిరి, మిగతాది అవ్వ వంటింట్లో ఏరుకునింది.
దయచేసి అనాలంటే: నీకు మనసైతే.
మేలు చేసినోళ్ళకు: నీ కాడ మంచి ఉండనీ.
"దేవుడు నీకు" అని ఒకరు పలకరిస్తే
"దేవుడూ మరియమ్మా నీకు" అనాలంట రెండోవాళ్ళు,
చేబదులు బియ్యం తలకట్టుగా తిరిగిచ్చినట్టు.
వాళ్ళవ్వ అయితే ఇవేమీ అనేది కాదు.
"నీకు కష్టమా, ఆ తలుపు?" అనేది. అంతే.

తప్పయిపోతే?
"బాధ నా మీద ఉంది" అంటారు,
తడిసిన దుప్పటి మాదిరి.
ఇంకోటి కూడా ఉంది, అని కొంచెం తడుముకుని,
"నా సగం కథ తీసుకో."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా.

పక్కింటి దొరసానమ్మతో మూడేండ్లుగా మాటల్లేవు.
కూతురి నిశ్చితార్థం రవికెలో
ముప్పావు మీటరు పట్టు మిగిలిందని ఆమె,
మిగల్లేదని నేను.
కొండ దిక్కు చెయ్యి చాపి ఒట్టు పెట్టినా.
ఒక మాట కూడా అన్నా, అది ఇక్కడ రాయను.
ఆర్నెల్లకు మిషను జరిపితే
గోడకూ కాలికీ మధ్యన ఉండాది,
నెమలికంఠం రంగు, దుమ్ము పట్టి.
ఉతికి, ఇస్త్రీ చేసి, పెట్టె అడుగున పెట్టినా.
క్షమించండి అనేదానికి అది సినిమా కాదు.
సారీ అంటే కాలు తొక్కినప్పటి మాట.

తెల్లారి
పట్టుముక్క నాలుగు మడతలు పెట్టి
దాని మీద గిన్నె పెట్టుకుని
ఆమె గడప ముందర నిలబడినా.
మా ఇంట్లో చట్టినిండా పెరుగుండాది.

"దొరసానమ్మా,
తోడుకు రవంత ఉంటుందా మే?"

గిన్నె చూసింది.
గిన్నె కింద చూసింది.
కొళాయి కాడ బిందె నిండి పొర్లిపోతా ఉంటే
ఇద్దరం దాన్నే చూస్తా నిలబడినాము.

లోపలికి పోతా పోతా అనింది:
"ఇంత చిన్న గిన్నె తెస్తారా ఎవురన్నా?"